పరాసు బల్లలో దొంగ అరలు

వడ్రంగం మానేసి మనవలకి బొంగరాలు చెక్కుకుంటూ కూర్చున్న నా దగ్గరికి ఇప్పటి కుర్ర పనివాళ్ళు వచ్చి, "తాతగారూ, మీరు చేసిన పనుల్లో కష్టమైనదేదండీ?" అని అడుగుతుంటారు. రథం చక్రమంటాననుకుంటారు. లేకపోతే లాకుల తలుపులంటాననుకుంటారు. రెండూ చేశాను. రెండూ బరువైన పనులే గాని కష్టమైనవి కావు. చక్రం తిరగాలి, తలుపు నీళ్ళాపాలి. అంతకు మించి వాటికి మన మీద ఆశలుండవు. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది మొహం కడుక్కునే బల్ల ఒకటి.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, కాలవలు కోనసీమలోకి దిగిన రోజులవి. అంతవరకు మబ్బుల మొహం చూసి బతికిన రైతులు లాకుల మొహం చూడడం మొదలుపెట్టారు. చేలు పండాయి. చేలు పండితే ముందు కళకళలాడేది వడ్రంగి ఇల్లే. కొత్త దూలాలు, కొత్త గుమ్మాలు, కొత్త మంచాలు. మన్యంలో నరికి గోదావరి మీద తెప్పలుగా కట్టి వదిలిన టేకు దుంగలు కొత్తపేట కాలవ రేవుదాకా వచ్చేవి. అక్కడ మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు, పెద్ద మేస్త్రీ. నేను ఆయన దగ్గర పని నేర్చుకుని, నా చేతిలో ఉలి బాగానే ఆడుతోందని నాకు నేనే అనుకుంటున్న వయసులో ఉన్నాను. ఆయన మాత్రం ఆ మాట అనలేదు. అసలు మాటలే తక్కువ. పని బాగుంటే పక్కకి జరిగి తమలపాకు నములుకునేవాడు. బాగోకపోతే నా పక్కనే నిలబడి నమిలేవాడు.

కొత్తపేటకీ అమలాపురానికీ మధ్య, కాలవగట్టు మీది ఊళ్ళో ఒక కామందు గారుండేవారు. ఆయన ధాన్యం బేరం మీద యానాం వెళ్ళి, అక్కడి పరాసు దొర ఇంట్లో ఒక బల్ల చూసి వచ్చారు. ఫ్రెంచివాళ్ళని మేం పరాసులనేవాళ్ళం. ఆ బల్ల చూసిన దగ్గర్నించీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. మమ్మల్ని పిలిపించి గాలిలో చేతులతో గీసి చూపించారు.

"పైన రాతి పలకోయ్. నడుమ బేసిను. వెనక అద్దం. దువ్వెన లేదు, గిన్నె లేదు, కత్తి లేదు, పైకి ఏవీ కనపడవు. అన్నీ లోపలే. ఆ దొర అసలు మొహం కడుక్కుంటాడో లేదో కూడా తెలీనంత శుభ్రంగా ఉంది."

"కడుక్కుంటాడా అండీ?" అని మావయ్య అడిగాడు.

"అదే చెబుతున్నానయ్యా, తెలీదు."

ఆ ఇంటి వెనక వసారా చూశాక కామందు గారి బాధ నాకూ అర్థమైంది. సున్నిపిండి గిన్నె ఒక గూట్లో, కుంకుడుకాయల బుట్ట ఒక గూట్లో, ఆముదం సీసా కింద జిడ్డు చెరువు, పసుపు అరగదీసే సాన పక్కన పచ్చటి మడుగు, చూరు నిండా వేపపుల్లలు, నాలిక బద్దలు. ఎవరి చెంబు ఎవరిదో తెలీక పొద్దున్నే ఒక తగువు. కామందు గారు మొహం కడుక్కుని వచ్చేసరికి ధోవతికి ఒక పక్క పసుపూ ఒక పక్క ఆముదమూ అంటుకుని ఉండేవి.

కానీ ఆ ఇంట్లో ఏది జరగాలన్నా పెద్దమ్మగారు ఒప్పుకోవాలి. ఆవిడ కామందు గారి అక్కగారు. కాపురానికి వెళ్ళకుండానే భర్త పోతే పుట్టింట్లోనే ఉండిపోయారు. బోడితల మీద తెల్లపంచె ముసుగు, బొడ్లో తాళాల గుత్తి. మడీ ఆచారం, వంటా వార్పూ, పాలికాపుల జీతబత్తేలూ అన్నీ ఆవిడ చేతిలోనే. ఆవిడ పెరట్లోకి వస్తే కాకులు కూడా గొంతు తగ్గించేవి. యానాం నుంచి తమ్ముడు సబ్బు బిళ్ళ ఒకటి ముచ్చటపడి తెస్తే, అందులో గొడ్డు కొవ్వు కలుస్తుందని దాన్ని చీపురుపుల్లతో తోయించి పెరటి గుంటలో పారేయించారని పాలికాపులు చెప్పుకునేవారు. బల్లకి మాత్రం అడ్డు చెప్పలేదు.

"చెక్కే కదా. కడుక్కోవచ్చు," అన్నారు.

పెరట్లో కొట్టం కింద పని మొదలుపెట్టాం. మాతో రాజోలు నుంచి వచ్చిన రంపం పనివాడొకడు ఉండేవాడు. కోతల్లో నేర్పరి. చెక్క మీద కోత ఎంత నున్నగా కోసేవాడో, రేవులో జనం చేరితే నోటి కోతలూ అంత నున్నగా కోసేవాడు. దుంగలు పలకలయ్యాక మావయ్య అతన్ని జొన్నాడలో గుమ్మాల పనుందని పంపేశాడు. ఎందుకు పంపాడో నాకు తర్వాత తెలిసింది. మేస్త్రీ అన్నవాడికి ఇంటివాళ్ళ మొహాలు చదవడం కూడా రావాలి. నేనింకా చెక్కనే చదువుతున్నాను.

మొదట వచ్చినవారు కామందు గారే. మావయ్య అటు వెళ్ళడం చూసి నా దగ్గర నిలబడి దగ్గారు.

"ఈ సొరుగు కాస్త పొట్టిగా చేసి, దాని వెనక చోటు మిగిలిస్తే బాగుంటుందేమోనోయ్."

"దేనికండీ?"

"ఊరికే. గాలాడ్డానికి."

నేను సొరుగు కొలత మళ్ళీ తీసుకోసాగాను. ఆయనే ఆగలేక చెప్పేశారు. ఆయన మీసం ఆ చుట్టుపక్కల పేరుపడ్డ మీసం. కోడెతాచులా నల్లగా మెరిసేది. ఆ నలుపు దేవుడిచ్చింది కాదట. ముందు గోరింటాకు పెడితే ఎర్రబడుతుంది, దాని మీద నీలిఆకు పొడి పెడితే నల్లబడుతుంది. ఆ రెండో పొడి దాచుకోవడానికే చోటు. "మా ఆవిడకి తెలీదు. అక్కయ్యకి అసలే తెలీకూడదు," అన్నారు.

మర్నాడు కామందు గారి భార్య మజ్జిగ చెంబుతో వచ్చారు. వడ్రంగికి అమ్మగారే స్వయంగా మజ్జిగ తెచ్చిందంటే అనుమానించాలని ఇప్పుడైతే చెబుతాను, అప్పుడు తాగేశాను.

"అబ్బాయ్, అడుగున ఈ అంచు పట్టీ ఉంది చూడు. అది ముందుకి లాగితే సొరుగులా వచ్చేలా చెయ్యగలవా? పైకి మాత్రం ఉత్త పట్టీలా ఉండాలి."

ఆవిడకి ముక్కుపొడుం అలవాటు. కాపురానికొచ్చిన కొత్తలో పంటినొప్పికని మొదలుపెట్టి, నొప్పి పోయినా పొడుం పోలేదు. డబ్బా ఎక్కడ పెట్టినా వదినగారి కంటపడుతుందని బియ్యం డబ్బాల్లోనూ దిండ్లలోనూ దాచి విసిగిపోయారు. ఇన్నేళ్ళ పొడుంతో ముక్కు మొద్దుబారి, పప్పు మాడినా ఆవిడకి వాసన తెలిసేది కాదు. ఆ ఇంట్లో వంట పెద్దమ్మగారి చేతికెందుకు వెళ్ళిందో అప్పుడర్థమైంది.

సరే, ఇద్దరికీ మాటిచ్చాను. ఒకరి అర సంగతి ఒకరికి తెలీదు. ఇద్దరూ దాచుకునేది పెద్దమ్మగారి నుంచి. ఆ పెద్దమ్మగారే ఒకరోజు మధ్యాహ్నం, ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ కొట్టం దగ్గరికొచ్చి నిలబడ్డారు. నా చేతిలో ఉలి ఆగిపోయింది.

"ఏమయ్యా, మావాడు రెండ్రోజులుగా నిన్ను చూసి నవ్వుతున్నాడు. వాడు వడ్రంగులకి నవ్వే రకం కాదు. మా మరదలు నీకు మజ్జిగ తెచ్చింది. వాళ్ళ అరలెక్కడున్నాయో నాకు చెప్పొద్దు. నాకూ ఒకటి కావాలి. అదెక్కడుందో వాళ్ళకి తెలీకూడదు."

ఉలి కింద పెట్టి కొలబద్ద అందుకున్నాను. "ఎంత చోటు కావాలండీ?" అని మాత్రం అడిగాను.

ఆవిడ కొంగు చాటున మూటగట్టిన గుడ్డ విప్పి చూపించారు. పాలమీగడ రంగు సబ్బు బిళ్ళ. అంచున కొంచెం మట్టి. గుడ్డ విప్పగానే కొట్టంలోని టేకు వాసన వెనక్కి తగ్గింది. మల్లె కాదు, గులాబీ కాదు, మన వైపు పూసే పువ్వు దేనిదీ కాదు ఆ వాసన.

"నేనే పారేయించేను. నేనే వెళ్ళి ఏరి తెచ్చుకున్నాను," అన్నారు. గుడ్డ మళ్ళీ మూటగడుతూ, "వాడనులే. ఎప్పుడైనా వాసన చూస్తాను. అంతే," అన్నారు.

పనివాడికి సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం ఆవిడకి లేదు. అయినా చెప్పారు. ఆవిడ ఇంకెవరికి చెబుతారు మరి.

అద్దం నిలబెట్టే పీట ఉంటుంది కదా, దాన్ని కొంచెం మందంగా చేసి లోపల తొలిచాను. పక్కనున్న పువ్వు చెక్కడాన్ని తిప్పితే తప్ప అది తెరుచుకోదు. మూడు అరల్లోకీ అదే నాకు నచ్చిన పని.

నచ్చడమే ఇబ్బంది. మూడింటి అతుకుల మధ్యా వెంట్రుక కూడా దూరకూడదని పంతం పట్టి బిగించాను. మావయ్య నా పక్కన నిలబడి తమలపాకు నమిలాడు.

"కాస్త వదులుంచరా. వానలొస్తాయి. చెక్క నీళ్ళు తాగుతుంది."

"ఇది టేకు మావయ్యా, తాగదు."

ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడి నమిలాడు.

బల్ల వసారాలో నిలబడింది. గిన్నెలు, సీసాలు, పుల్లలు, సానలు అన్నీ తలుపుల వెనక్కి వెళ్ళిపోయాయి. పొద్దున్నే తగువు లేదు. కామందు గారి ధోవతి సాయంత్రందాకా తెల్లగా ఉండేది. ఊరంతా ఏదో వంకన వచ్చి బల్ల చూసి వెళ్ళింది.

ఆ ముచ్చట ఊరితో ఆగితే బాగుండేది. జొన్నాడ వెళ్ళిన మా రాజోలు మనిషి రేవులో పడవ కోసం కూర్చున్న జనానికి బల్ల కథ చెప్పాడు. తను చూడని దొంగ అరల్ని కూడా ఊహించి కలిపి చెప్పాడు. కామందు గారు యానాంలో పరాసు దొరతో కలిసి భోంచేశారని కూడా తగిలించాడట. ఆ మాట పడవెక్కి అమలాపురం చేరింది. అక్కడ కామందు గారి బాబయ్యగారున్నారు, తండ్రికి తమ్ముడు. ఆచారం విషయంలో ఆయన మాటే మాట. ఆయన తప్పుందంటే ఇల్లంతా వెలి. పురోహితుడు గడప తొక్కడు, బంధువులు విస్తరి ముందు కూర్చోరు, ఆ ఇంటి పిల్లనెవరూ చేసుకోరు. అందులోనూ ఆ ఇంటి మడికి కాపలా ఉన్న పెద్దమ్మగారి దగ్గర సబ్బు దొరికితే ఆవిడ గతి ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

శ్రావణం వానలు పట్టుకున్నాయి. ఒకరోజు పొద్దున్నే కామందు గారి పాలికాపు తాటాకు గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యగారికి పంటి నెప్పండి. మిమ్మల్నిద్దర్నీ వెంటనే రమ్మన్నారండి."

"పంటి నొప్పికి వడ్రంగులెందుకురా?" అన్నాడు మావయ్య. అయినా ఉలి, సుత్తి, చీలలు సంచిలో వేసుకున్నాం.

కామందు గారు వసారాలో మూతికి తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నారు. మమ్మల్ని చూసి తువ్వాలు దించారు. మీసం పండు మిరపకాయలా ఉంది. రాత్రి గోరింటాకు పెట్టుకున్నారు, పొద్దున నీలిపొడి కోసం సొరుగు లాగితే రాలేదు. చెక్క నీళ్ళు తాగింది. మధ్యాహ్నానికి బాబయ్యగారు విచారణకి వస్తున్నారని కబురు. మావయ్య గోడవైపు తిరిగి గబగబా తమలపాకు నమిలాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

నేను సొరుగు దగ్గర కూర్చునేసరికి అమ్మగారు తలుపు చాటు నుంచి కళ్ళతో కింది పట్టీ చూపించారు. అదీ బిగుసుకుపోయింది. పొడుం లేక ఆవిడ కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి. ఎటు ముందు మొదలుపెట్టాలా అని నేను చూస్తుండగానే రేవులో పడవ ఆగింది. బాబయ్యగారు మధ్యాహ్నం దాకా ఆగలేదు. వెంట ఇద్దరు పెద్దమనుషులు. కాళ్ళు కడుక్కోవడానికని తిన్నగా వెనక వసారాకే వచ్చారు.

"ఇదేనా ఆ బల్ల?"

"ఆయ్," అన్నారు కామందు గారు తువ్వాల్లోంచి.

"ఏమిటా కట్టు? పంటి నొప్పా?"

"ఆయ్."

బాబయ్యగారు బల్ల చుట్టూ తిరిగారు. అద్దంలో తన బొట్టు సరిచూసుకోబోయి ఆగి, ముక్కు ఎగబీల్చారు. ఇంకాస్త వంగి మళ్ళీ ఎగబీల్చారు.

"సబ్బు వాసన."

కామందు గారు తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నారు.

"నువ్వు యానాంలో ఏం తిన్నావో తరవాత అడుగుతాను. ఇంట్లోకేం తెచ్చేవో ముందు చూడాలి. దీన్లో దొంగ అరలున్నాయని రేవంతా చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కటీ తియ్యమను."

పెద్దమ్మగారు వంటింటి గడపలో నిలబడి ఉన్నారు. మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మాన్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. ఆవిడ నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు ధైర్యం వచ్చేదో, ఉన్నదీ పోయేదో తెలీదు.

మూడు మాటలిచ్చిన మనిషిని. మూడూ నిలబెట్టలేనని తెలిసిపోయింది. ఏది విప్పితే ఎవరికి తక్కువ దెబ్బ అని ఆలోచించాను. మీసం మీద నవ్వుతారు. పొడుం మీద నాలుగు రోజులు గొణుగుతారు. సబ్బు మీద ఒక మనిషి బతుకు పోతుంది. ఆ వాసనని కప్పగలిగేది పొడుం ఘాటొక్కటే. వెళ్ళి కింది పట్టీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది కదల్లేదు. బాబయ్యగారు బాగా చూడాలని నా భుజం మీదికి వంగారు. మావయ్య వచ్చి పట్టీ సందులో చీల పెట్టాడు. నేను సుత్తితో కొట్టాను.

పట్టీ ఒక్కసారిగా ఊడొచ్చింది. దాంతోపాటు డబ్బా ఎగిరింది, మూత ఊడింది. పొడుం పొగలా లేచి బాబయ్యగారి మొహాన్ని కప్పేసింది.

ఆయన తుమ్ములకి శకునం చూసే మనిషి. ఒంటి తుమ్ము చెడ్డదనీ, రెండోది దాన్ని తుడిచేస్తుందనీ అందరికీ చెబుతుండేవారు. ఆ రోజు మూడోదాని తర్వాత లెక్క వదిలేశారు. పెద్దమనుషులిద్దరూ అందుకున్నారు. మావయ్య తుమ్మాడు, నేను తుమ్మాను. కామందు గారు ఆపుకుని ఆపుకుని ఒకటి తుమ్మేసరికి తువ్వాలు ఊడి నేలమీద పడింది.

బాబయ్యగారు కళ్ళు తుడుచుకుని ఆ మీసం వైపు చూశారు. మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చూశారు.

"పంట్లో నెత్తురు మీసాలకెక్కిందేమిట్రా?"

పెద్దమనుషుల్లో ఒకాయన ముందు నవ్వారు. రెండో ఆయన నవ్వలేక తుమ్మారు. కామందు గారు ఆ నీలిపొడి కథ నేల చూస్తూ చెప్పుకున్నారు. అప్పటికి విచారణ సగం నీరుగారిపోయింది. అయినా బాబయ్యగారు డబ్బా చేతిలోకి తీసుకుని, "ఈ పొడుం ఎవరిది?" అన్నారు.

అమ్మగారి మొహం పాలిపోయింది. నేను తల వంచుకున్నాను. ఆవిడకిచ్చిన మాట తప్పింది నేనే.

"నాది బాబయ్యా," అన్నారు పెద్దమ్మగారు. గడప దాటి వచ్చి డబ్బా ఆయన చేతిలోంచి తీసుకున్నారు.

"నీకీ అలవాటెప్పట్నించీ?"

"తలనొప్పి. ఇల్లు నడిపేవాళ్ళకి వస్తుంది. నాలాంటిది పొడుం పీలిస్తే తప్పని ఏ శాస్త్రంలోనైనా ఉంటే చెప్పండి, మానేస్తాను."

ఆయన దగ్గర శాస్త్రం లేదు, తుమ్ములు మాత్రం ఇంకా ఉన్నాయి. అద్దం దగ్గరికి వెళ్ళి మళ్ళీ వాసన చూడబోయారు. ముక్కులో పొడుం తప్ప ఏమీ తెలియలేదు. అప్పుడు నావైపు తిరిగారు.

"ఇంకేమైనా అరలున్నాయా?"

"సొరుగు వెనకొకటండి, మీసాలది. అంతేనండి."

ఆయన మావయ్య వైపు చూశారు. మావయ్య తుమ్ముకి తడిసిన కళ్ళు తుడుచుకుంటూ, "పనివాడు చెప్పేడు కదండీ," అన్నాడు. మావయ్య నన్ను పనివాడనడం అదే మొదలు.

సొరుగు ఊడదీశాం, నీలిపొడి దొరికింది. బాబయ్యగారు ఆ పూట ఆ ఇంట్లోనే భోంచేశారు. ఆయన విస్తరి ముందు కూర్చున్నారంటే వెలి మాట ముగిసినట్టే. పెద్దమ్మగారి పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకున్నారని విన్నాను.

భోజనాలయ్యాక నేను కింది పట్టీ అంచులు చిత్రిక పడుతుంటే ఆడవాళ్ళిద్దరూ అటు వచ్చారు. నేనక్కడ లేనట్టే మాట్లాడుకున్నారు.

"వదినగారూ, అది నాదని మీకు..."

"తెలుసు. నీ దిండు దులిపినప్పుడల్లా తుమ్మేది నేనే కదా, ఇన్నేళ్ళనించీ."

"మరి ఎప్పుడూ ఒక్క మాటనలేదేమండీ?"

"అంటే మానేస్తావు. మానేస్తే నీ ముక్కు బాగుపడుతుంది. అది బాగుపడితే నా వంటకి వంకలు పెడతావు."

అమ్మగారు ముందు బిత్తరపోయి, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దమ్మగారు కూడా నవ్వారు. ఆవిడ నవ్వు వినడం నాకదే మొదలు. మరదలి ముక్కు బాగుపడకూడదనుకోవడానికి ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. నేను తలెత్తకుండా చిత్రిక పట్టాను. అమ్మగారు లోపలికి వెళ్ళాక ఆవిడ అద్దం వైపు చూసి, "వాసన బయటికొస్తోందిట," అన్నారు. ఆ సాయంత్రం లోపల అర చుట్టూ తేనెమైనం పూసి, మూతకి పలచటి తోలు అంటించాను. ఆ తర్వాత ఎవరి ముక్కుకీ ఏమీ అందలేదు.

తిరిగొస్తుంటే కాలవగట్టు మీద బురద మడమల దాకా ఉంది. మావయ్య ముందు నడుస్తున్నాడు.

"అద్దం కింద పీట కాస్త లావుగా వచ్చిందిరా."

"ఏ పీట మావయ్యా?"

ఆయన గట్టు మీద ఒక పక్కకి జరిగి నాకు దారిచ్చాడు. కొంతదూరం పోయాక వెనకనుంచి, "అది సరేగాని, సబ్బు వాసన ఎలా ఉంటుందో ఆయనకెలా తెలుసురా?" అన్నాడు. నాకూ అదే అనుమానం. ఇద్దరం కొత్తపేట దాకా దాని గురించే ఆలోచించుకుంటూ నడిచాం.

ఆ బల్ల నాకు పేరు తెచ్చిపెట్టింది. కోనసీమలో నాలుగు డబ్బులున్న ప్రతి ఇంటివారికీ పరాసు బల్ల కావాలి. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మజ్జిగ తెచ్చేవారు. నేను ఇప్పటి కుర్ర పనివాళ్ళకి చెప్పేది ఒకటే, అతుకు కాస్త వదులుగా ఉంచండి, నోరు కాస్త బిగువుగా ఉంచండి.

వానలు వెనకబట్టాక అమలాపురం నుంచి బాబయ్యగారు నన్నొక్కణ్ణే రమ్మని కబురు పెట్టారు. వెళితే అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, పెరటి వసారా చూపించారు.

"మావాడింట్లో చేసేవు చూడు, అలాంటిదే. సొరుగులు రెండు చాలు. పైకి కనపడేవి."

"ఆయ్. ఎప్పుడు మొదలుపెట్టమంటారండీ?"

"ఈ వారంలోనే." ఆయన లేచి వెళ్ళి వంటింటి వైపు తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "ఇంకో సంగతి. మీ వాళ్ళలో ఆ రాజోలు మనిషున్నాడే, అతను ఈ పనికి రావక్కర్లేదు."

"ఆయ్," అన్నాను.